బద్లీ మనిషి

సురేశ్ కొట్టిన రెండో దెబ్బకు మంగ పోయి గోడకు తగిలింది. గోడకు బిగించిన గిన్నెల స్టాండు ఊడి ఆమె భుజం మీద పడింది. పళ్లేలు, గ్లాసులు గదంతా దొర్లాయి. సూరత్ మగ్గాల బస్తీలో, నలుగురు కూర్చుంటే అయిదో మనిషి గుమ్మంలో నిలబడాల్సిన గది అది. దొర్లినవి ఎక్కడికి పోతాయి, అందరి కాళ్ల కిందికే వచ్చాయి.

ఆమె అడిగిన తప్పు మాట ఒక్కటే. రంగుల మిల్లులో పనిచేసే తన తమ్ముడు సంపత్ ఎక్కడ అని.

కొన్ని రోజులుగా అదే అడుగుతోంది. ఊరికి దూరంగా బార్డోలీలో చక్కెర మిల్లు పనికి పోయాడని అత్త బుచ్చవ్వ చెప్పింది. మామ మొండయ్య తల ఊపాడు. మొగుడు సురేశ్ అవునన్నాడు. ఇవాళ పొద్దున్నే మల్లేష్ వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, సంపత్ ఒళ్లు కొట్టుకుని నురగలు కక్కాడని, అడాజన్ అవతలి దవాఖానాలో పడేశారని సురేశ్ చెవిలో చెప్పాడు. మగ్గాల మోతలో బతికినవాళ్లు చెవిలో చెప్పడమంటే గల్లీ అంతా వినేలా చెప్పడమే. పొయ్యి దగ్గరున్న మంగ విన్నది.

"బార్డోలీల ఉన్నోడు అడాజన్ అవతల దవాఖానల ఎట్ల పడ్డడు?" అని అడిగింది.

సురేశ్ అప్పుడే మగ్గాల షెడ్డులో రాత్రి పాళీ పని దిగి వచ్చాడు. జవాబు దొరకనప్పుడల్లా అతనికి చెయ్యి దొరికేది. ఇవాళా అదే దొరికింది.

మంగ లేచింది. పెదవి చిట్లి నోట్లోకి రక్తం వచ్చింది. కొంగుతో తుడుచుకుని, మొగుణ్ని వదిలేసి మల్లేష్ వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు మల్లేషూ. ఈ ఇంట్ల అందరు నాకు అబద్ధం చెప్పిన్రు. నా తమ్ముణ్ని ఏం చేసిన్రు?"

మల్లేష్ సురేశ్ ముఖంలోకి చూశాడు. సురేశ్ నేల మీద కూలబడి తల పట్టుకున్నాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, మల్లేష్ గొంతు తగ్గించాడు.

"సురేశన్న జాగల పంపినం వదినె. బద్లీ."

మల్లేష్ పని మనుషుల్ని తీసుకుపోవడం. పాండేసరలో, ఆ చుట్టుపక్కల బస్తీల్లో మన తెలంగాణ పిల్లల్ని పోగేసి, అడాజన్ దాటాక ఉన్న ఒక అద్దాల భవనానికి తోలుకుపోతాడు. అక్కడ కొత్త మందులు మంచిగా ఉన్న మనుషుల చేత మింగించి చూస్తారు. కొన్నాళ్లు లోపలే ఉంచి, వేళకు తిండి పెట్టి, పూటపూటకూ రక్తం తీసి, పైసలిచ్చి పంపుతారు. అందరినీ రానివ్వరు. వయసు చూస్తారు, బరువు చూస్తారు. బీడీ తాగొద్దు, మందు తాగొద్దు, ఒంట్లో ఏ రోగమూ ఉండొద్దు. పదిమంది పోతే ఏడుగుర్ని గేటు నుంచే వెనక్కి పంపేస్తారు.

మల్లేష్ బతుకు ఆ వెనక్కి పంపడం మీదే నడుస్తోంది. అందరికీ దొరికేదైతే ఎవడికి కావాలి? కొందరికే అన్నాక మనిషికి కన్ను చెదురుతుంది. నక్క తోక తొక్కినోడికే దక్కే బేరమని అతను చెప్పుకు తిరిగేవాడు.

సురేశ్ మొదటిసారి పరీక్షలన్నీ నెగ్గిననాడు బుచ్చవ్వ గల్లీలో జిలేబీ పంచింది. నా కొడుకు రక్తం పాసయిందని ఇంటింటికీ చెప్పింది. పదో తరగతి మూడుసార్లు తప్పిన కొడుకు ఇన్నాళ్లకు ఒక పరీక్ష పాసయ్యాడని ఆ తల్లి సంతోషం. నవ్వాలో ఏడవాలో తెలియని సంతోషం అది. మంగ కూడా ఆ జిలేబీ తిన్నది.

ఆ మందు పరీక్షకు రెండు విడతలుగా లోపలుండాలి. మొదటి విడత సురేశ్ ఉండి వచ్చాడు. పైసలు రెండో విడత అయ్యాకే ఇస్తారు. ఆ రెండో విడతకు సురేశ్ పోవాల్సిన వారమే మగ్గాల సేటు కొత్త మిషన్లు దించాడు. పెళ్లిళ్ల కాలం, చీరల ఆర్డర్లు నెత్తి మీదున్నాయి. ఈ మిషన్ల మీద బద్లీ నడవదని, నువ్వే ఉండాలని, లేదంటే వేరేవాణ్ని చూసుకుంటానని సేటు తెగేసి చెప్పాడు.

బద్లీ అంటే మగ్గాల మనుషులకు పుట్టుకతో వచ్చిన మాట. మనిషికి జ్వరం వస్తుంది, ఊళ్లో చావు అవుతుంది, పెళ్లి అవుతుంది. మగ్గం మాత్రం ఆగకూడదు. తన జాగాలో ఇంకో మనిషిని నిలబెట్టి పోవాలి. వాడే బద్లీ. పని వాడిది, పేరు ఇతనిది. కూలి ఇతని పేరు మీదే వస్తుంది, వాడి పాలు వాడికి తర్వాత ఇస్తారు. సేటు ఇతని పేరుతో కేకేస్తే బద్లీయే పలుకుతాడు. పాళీ దిగేదాకా సొంత పేరు నోట రానివ్వడు. రానిస్తే నమ్మి నిలబెట్టినవాడి జాగా పోతుంది. అంతకంటే నమ్మకద్రోహం ఇంకోటి లేదు వాళ్లలో.

మొండయ్య మగ్గం ఏనాడూ ఆగలేదు. తండ్రికి తలకొరివి పెట్టడానికి సిరిసిల్ల పక్క ఊరికి పోయినప్పుడు అతని జాగాలో బద్లీ నడిచింది. కూతురు పుట్టిననాడు నడిచింది. ఆ కూతురే కామెర్లతో పోయిననాడూ నడిచింది. చెవులు సగం పోయి మగ్గం దిగాక కూడా ఆ ముసలాయన ఛాతీ విరుచుకుని చెప్పుకునే మాట అదొక్కటే.

కొడుకు అటా ఇటా తేలక కొట్టుకుంటుంటే, దారి చూపించింది ఆయనే.

"మగ్గానికి బద్లీ ఒద్దంటే మందుకు పెట్టు. మగ్గం నడపనీకి హునర్ కావాలె, పనితనం కావాలె. సూది పొడిపిచ్చుకోనీకి ఏం కావాలె? చెయ్యి సాపితే సాలదా?"

ఆ మాటలో తప్పు ఆ ఇంట్లో ఎవరికీ కనపడలేదు. సంపత్ సురేశ్ అంత ఒడ్డూ పొడుగూ ఉంటాడు. పోలికలు అంతగా లేకపోయినా, గేటు దగ్గర చూసేవాడు మల్లేష్ మనిషే. బావ పిలిచి అడిగితే సంపత్ కాదనలేదు. సంతోషంగా పోయాడు కూడా. బావకు తన మీద నమ్మకం కుదిరిందనుకున్నాడు పాపం.

ఇదంతా మల్లేష్ చెబుతుంటే మంగ కదలకుండా విన్నది. ఇంత జరిగినా బేరం మంచిదేనని అతను ఇంకా వాదిస్తూనే ఉన్నాడు. ఏసీ గది, పరుపు మంచం, మూడు పూటలా తిండి. రంగుల మిల్లులో ఆవిరికి ఉడికిపోయే పిల్లవాడికి అంతకంటే సుఖం ఏముంటుందన్నాడు. ఏదో ఒకరికి ఎప్పుడో ఇట్లా అవుతుంది, అంతమాత్రాన బేరాన్ని తప్పు పట్టకూడదన్నాడు.

మంగ ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించే పని చేస్తుంది. సూరత్ బజారు ఆమెకు ఇతను చెప్పాల్సిన పని లేదు.

"మా సేటు గుడ గిట్లనే అంటడు. నీకొక్కదానికే ఇస్తున్న అని చెప్పి మరకలు పడ్డ చీరల లాటు అంటగడతడు. కొందరికే ఇచ్చే బేరమంటే, వాళ్లు ఏరుకున్నరని మల్లేషూ, మనం ఏరుకున్నమని గాదు. వాళ్లు సురేశ్‌ను ఏరుకున్నరు. నా తమ్ముణ్ని ఏరుకోలే. వాణ్ని చూస్తే గేటు కాన్నుంచే తోలుతుండిరి."

"ఎందుకు తోలుతరు? పిలగాడు గుండు లెక్క ఉన్నడు."

"వానికి మూర్ఛ ఉన్నది."

చెవులు సరిగ్గా వినపడని మొండయ్య కూడా ఆ మాట విన్నట్టే ఉంది. చేతిలో ఉన్న చాయ్ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు.

మంగే చెప్పింది. చిన్నప్పటి నుంచీ ఉంది. ముందు ఎడమ చేతి వేళ్లు ఒక్కొక్కటే ముడుచుకుంటాయి. తర్వాత కన్ను ఒక పక్కకు లాగుతుంది. ఆ వెంటనే పడిపోతాడు. రోజూ గోలీ వేసుకుంటే ఏమీ ఉండదు. వేసుకోకపోతే ఒకటి వెనక ఒకటి వస్తుంది, అట్లా వస్తే లేవడని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. సంపత్ మిల్లుకు పోతూ రోజూ అక్క దగ్గర ఆగి డబ్బా తీసుకుపోయేవాడు. అందులో రొట్టెల కింద, కాగితంలో చుట్టి, ఆమె గోలీ పెట్టేది. రూంలో ఉంచుకుంటే తోటివాళ్లు చూస్తారు. సలసల కాగే రంగు మిషన్ల పక్కన మూర్ఛ ఉన్నవాణ్ని ఎవరు నిలబెడతారు? ఆ రోజే ఊరికి బండెక్కిస్తారు.

ఆ అద్దాల భవనంలోకి సొంత మందులు పోనివ్వరు. సంపత్ డబ్బా లేకుండా, గోలీ లేకుండా ఇన్ని రోజులున్నాడు. దానికి తోడు వాళ్ల కొత్త మందు మింగాడు.

బుచ్చవ్వ ముందు తేరుకుంది. లేచి వచ్చి కోడలి జుట్టు రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది. మంగ మోకాళ్ల మీద పడింది.

"నాలుగేండ్ల సంది నా ఇంట్ల తింటూ రోగం దాస్తివా? నువ్వు చెప్పుంటే నా కొడుకు వాణ్ని పంపుతుండెనా? నీ తమ్ముణ్ని నువ్వే తిన్నవ్. ఇప్పుడు ఇది బయటపెట్టి నా కొడుకుని జైలుకు తోల్తవా?"

తల అటూ ఇటూ ఊగిపోతున్నా మంగ ఎదురు తిరగలేదు. అత్త మాటలో నిజం ఉంది. మొగుడి దెబ్బల కంటే ఆ నిజమే ఆమెను ఎక్కువ కోసింది. ఒక్క మాట చెప్పి ఉంటే సంపత్ ఊళ్లో ఉండేవాడు, కల్లు అమ్ముకునో, మేకలు కాసుకునో బతికి ఉండేవాడు.

కానీ వాడు ఇంకా చావలేదు. ఆ సంగతి గుర్తుకు రాగానే మంగ ఒక్క విదిలింపు విదిలించుకుని లేచింది. బుచ్చవ్వ చేతిలో గుప్పెడు వెంట్రుకలు మిగిలాయి. పసుపు డబ్బా అడుగున దాచిన గోలీల పట్టీ తీసి గుప్పిట్లో బిగించి గుమ్మం వైపు నడిచింది.

మల్లేష్ అడ్డం నిలబడ్డాడు.

అతను చెప్పింది విననట్టు తోసుకుపోయే మాటలు కావు. దవాఖానాలో ఉన్నవాణ్ని డాక్టర్లు సురేశ్ అనుకుంటున్నారు. సురేశ్ కాబట్టే కంపెనీ వైద్యం చేయిస్తోంది. వేరేవాడని తెలిస్తే మోసం కేసు పెడతారు, సురేశ్ మీద, తన మీద, మంచంలో ఉన్న సంపత్ మీద కూడా. అప్పుడు వాడి వైద్యం ఎవడు చేయిస్తాడు? ఒకటి రెండు రోజులు నోరు మూసుకుంటే వాడే లేచి సురేశ్‌గా బయటికి నడిచి వస్తాడు, ఎవరికీ ఏమీ కాదు.

"సురేశ్‌కు మూర్ఛ లేదని వాళ్లకు తెలుసు," అంది మంగ. "అందుకే వాళ్లు రోగం ఒక దిక్కు ఉంటె ఇంకో దిక్కు వెతుకుతరు. తప్పుకో."

మల్లేష్ తప్పుకోలేదు. గోలీలున్న చేతిని పట్టుకుని వెనక్కి మెలితిప్పాడు. మణికట్టులో ఏదో కలుక్కుమంది. మంగ మొగుడి వైపు చూసింది. సురేశ్ చూస్తూ కూర్చున్నాడు.

దేవుడి పటాల పక్కన మేకుకు మొండయ్య పాత నాడె వేలాడుతోంది. అతను సూరత్ వచ్చిన కొత్తలో నేసిన మగ్గంలో దారాన్ని అటూ ఇటూ మోసినది అదే. చేవ కర్ర, రెండు కొసలకూ ఉక్కు మొనలు. ఏటా దసరాకు దానికి పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు. మంగ ఖాళీగా ఉన్న చేత్తో దాన్ని లాగి మల్లేష్ ముఖం మీద కొట్టింది.

ఉక్కు మొన దవడ పైన దిగి చెవిదాకా చీల్చింది. మల్లేష్ అరిచి చెయ్యి వదిలేశాడు. రక్తం వేళ్ల సందుల్లోంచి కారి చొక్కా మీద పడింది. అతను ఒక్కసారి తన చెయ్యి చూసుకుని, మంగను కడుపులో తన్నాడు. ఆమె ముడుచుకుపోయి పడింది. గోలీలున్న గుప్పిట మీద చెప్పుకాలు వేసి తొక్కాడు, మళ్లీ తొక్కాడు. ఆమె వేళ్లు నలుగుతున్నా గుప్పిట విప్పలేదు.

అప్పుడు లేచాడు సురేశ్.

అతని కోపం ఎవరి మీదో అతనికే తెలియదు. మల్లేష్ కాలరు పట్టుకుని ఇనప పెట్టెకేసి తల బాదాడు. ఒకసారి కాదు. పెట్టె మూత సొట్టపోయింది. మల్లేష్ గుడ్డిగా చేతులు విసిరితే ఒక దెబ్బ మధ్యకొచ్చిన మొండయ్య నోటికి తగిలింది, ముసలాయన చాయ్ గ్లాసు మీదే వెల్లకిలా పడ్డాడు. బుచ్చవ్వ కొడుకు నడుం పట్టుకుని వేలాడింది. గల్లీ వాళ్లు తలుపులో గుమిగూడారు. ఎవరూ లోపలికి రాలేదు. ఎట్లా వస్తారు, జాగా లేదు.

ఎవరో మల్లేష్‌ను బయటికి లాగారు. అతను బండి మీద కూర్చుని, చెంపకు రుమాలు అదుముకుని, పోతూ పోతూ ఒక మాటన్నాడు.

"నేనే ముందు పోత దవాఖానకు. మీరొచ్చేసరికి ఆ మంచం మీదున్నోడే సురేశ్ అయితడు. సూస్త, ఎవలు కాదంటరో."

మంగ ఆటో పిలిచింది. రమ్మని ఎవరినీ అనలేదు. సురేశ్ ఎక్కాడు, కొడుకును ఒంటరిగా పోనివ్వనని బుచ్చవ్వ ఎక్కింది. మొండయ్య గదిలోనే ఉండిపోయాడు. నేల మీది నాడెను తీసి, నీళ్లు పోసి కడిగి, మళ్లీ మేకుకు తగిలించబోయి ఆగిపోయాడు. దాన్ని ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

ఆటో తాపీ నది వంతెన ఎక్కింది. మంగ ఎడమ చెయ్యి వాచిపోయి కొంగులో ఉంది. కుడి చేతిలో నలిగిన గోలీల పట్టీ.

"నాకు తెల్వదు మంగా," అన్నాడు సురేశ్ చివరికి. "రోగం ఉన్నదని తెలిస్తె వాణ్ని పంపకపోతుంటి."

"ఇంకొకర్ని పంపుతుంటివి."

బుచ్చవ్వ మెల్లగా, పక్కనున్న కోడలికి వినపడేలా, అక్కడ ఎవడు పేరడిగినా మొండయ్య కొడుకునని చెప్పు, ఇంకేం చెప్పకు బిడ్డా అని కొడుక్కి నేర్పుతూనే ఉంది.

దవాఖానా మెట్ల మీదే గార్డు ఆపాడు. భార్య ఒక్కతే లోపలికి పోవచ్చన్నాడు. మంగ ఒక్క క్షణం నిలబడిపోయింది. తర్వాత తల ఊపి లోపలికి నడిచింది. తోడబుట్టినవాణ్ని చూడడానికి వాడి పెళ్లాన్నని తల ఊపాల్సి వచ్చింది. గార్డు అటు తిరగగానే సురేశ్, బుచ్చవ్వ వెనకే జొరబడ్డారు.

మల్లేష్ అన్నంత పనీ చేశాడు. చెంపకు దూది అంటించుకుని, బండి మీంచి పడ్డానని చెప్పి, డాక్టరమ్మ పక్కన నిలబడి ఉన్నాడు. చిన్న వయసు గుజరాతీ పిల్ల ఆమె. నిద్ర లేక కళ్లు ఎర్రబడ్డాయి. మొగుడికి ఇట్లా అయిందని తెలిసి ఈమెకు మతి చెదిరిందని, ఏదేదో మాట్లాడుతోందని మల్లేష్ అప్పటికే ఎక్కించి పెట్టాడు.

మంగకు బజారు హిందీ వచ్చు. వచ్చినంతలో చెప్పింది. మంచం మీద ఉన్నది సురేశ్ కాదు, సంపత్, తన తమ్ముడు. చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. రోజూ వేసుకునే గోలీలు ఇవిగో. ఇన్ని రోజులు వేసుకోలేదు.

డాక్టరమ్మ పట్టీ తీసుకుని చూసింది. మంగ చిట్లిన పెదవిని, వాచిన చేతిని కూడా చూసింది. మంచి మనిషే. కానీ ఆమె దగ్గర సురేశ్ పేరు మీదున్న పరీక్షలన్నీ ఈ మనిషికి ఏ రోగమూ లేదంటున్నాయి. కొత్త మందు వికటించిందనుకుని తాము ఆ దారిలో వైద్యం చేస్తున్నామంది. మూర్ఛ ముందునుంచీ ఉన్నదైతే దారి వేరు, మందు వేరు, తప్పు మందిస్తే చేతులారా చంపినట్టే అంది. మూర్ఛ మళ్లీ వస్తే ఈసారి ఊపిరి నిలుస్తుందో లేదో చెప్పలేనంది. పేషెంటుకు ఇప్పుడే తెలివి వచ్చింది, వాణ్నే అడుగుదాం రమ్మంది.

సంపత్ గొట్టాల మధ్య పడుకుని ఉన్నాడు. నాలుక కొరుక్కుని నోరంతా పుండైంది. పడినప్పుడు మంచం కోడు తగిలి కన్ను మూసుకుపోయింది. వాణ్ని చూడగానే మంగ మంచం కమ్మీ పట్టుకుని నిలబడింది.

డాక్టరమ్మ వంగి, నీ పేరేమిటని హిందీలో అడిగింది.

తెరిచి ఉన్న ఒక్క కన్నూ గదంతా తిరిగింది. అక్కను చూసింది, మల్లేష్‌ను చూసింది. తలుపు దగ్గర నిలబడ్డ బావ దగ్గర ఆగింది.

"సురేశ్," అన్నాడు సంపత్.

ఇదివరకు ఎప్పుడైనా ఇట్లా మూర్ఛ వచ్చిందా అని అడిగింది. తల అడ్డంగా ఊపాడు. ఈ గోలీలు నీవేనా? కావన్నాడు.

"సంపత్, నేనురా, అక్కను," మంగ వాడి మీదికి వంగింది. "చెప్పురా. ఉన్నది చెప్పు."

వాడు ఆమె పెదవి వైపే చూస్తున్నాడు. కొరుక్కున్న నాలుకతో కూడబలుక్కుని, ఇద్దరి మధ్య మాటలాగా, మెల్లగా అన్నాడు.

"బావ కొట్టిండా అక్కా? నువ్వు ఆగు. పాళీ ఇంక అయిపోలే. బావకు మాట ఇచ్చిన."

ఏమంటున్నాడని డాక్టరమ్మ అడిగింది. పెళ్లాన్ని మంచినీళ్లు అడుగుతున్నాడని మల్లేష్ చెప్పాడు.

మంగ మల్లేష్ వైపు చూడనైనా లేదు. చెయ్యెత్తి తలుపు దగ్గరున్న మొగుణ్ని చూపించింది. ఈ మనిషిని అడగండి, ఈయన పేరు అడగండి అంది.

డాక్టరమ్మ తిరిగింది. చొక్కా మీద ఎవరి రక్తమో ఆరిపోయి ఉన్న మనిషిని కింది నుంచి పైదాకా చూసింది. మల్లేష్ ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. నువ్వెవరు, నీ పేరు నువ్వే చెప్పు అని సురేశ్‌ను అడిగింది.

బుచ్చవ్వ వెనక నుంచి కొడుకు చొక్కాను పిడికిట్లో పట్టుకుంది. సురేశ్ భార్య ముఖంలోకి చూశాడు. కాసేపటి క్రితం తను కొట్టిన ముఖం. తర్వాత నేల చూశాడు.

మంచం కమ్మీ మీదున్న మంగ చేతికి ఏదో చిన్నగా తగిలింది. ఆమె కిందికి చూసింది. సంపత్ ఎడమ చేతి చిటికెన వేలు ముడుచుకుంది. దాని పక్క వేలు ముడుచుకుంటోంది.

సురేశ్ ఇంకా నోరు తెరవలేదు.